‘విద్యకు నోబెల్’ ఎవరిది? అంతర్జాతీయ విద్యా పురస్కారాల లెక్క

సెప్టెంబరు మొదటి వారంలో కావలి ట్రంకు రోడ్డు మీద నడిస్తే పది అడుగులకో ఫ్లెక్సీ తగులుతుంది. గురుపూజోత్సవం రోజులు. మండల స్థాయి ఉత్తమ ఉపాధ్యాయుడు, జిల్లా స్థాయి ఉత్తమ ఉపాధ్యాయిని, అభినందనలు తెలిపే పూర్వ విద్యార్థుల వరుస ఫొటోలు. పోయిన ఏడు వాటి మధ్యలో ఇంకో రకం కనబడింది: ‘అంతర్జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు గ్రహీత’. పక్కన గ్లోబు బొమ్మ, దాని చుట్టూ బంగారు రంగు ఆకుల కొమ్మలు. ఎవరిచ్చారన్నది మాత్రం ఆ చివర నుంచి ఈ చివరి దాకా ఎక్కడా లేదు.

అదే వారంలో మా దూరపు చుట్టం ఒకాయన ఫోన్ చేశాడు. ఉదయగిరి వైపు జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారు. “అన్నా, నాకో వాట్సాప్ వచ్చింది. ఏదో గ్లోబల్ టీచర్ అవార్డుకు నన్ను సెలెక్ట్ చేశారంట. ప్రాసెసింగ్ ఫీజు నాలుగున్నర వేలు కట్టమంటున్నారు. ఇది యునెస్కో వాళ్లదేనా?” ఆయనేమీ అమాయకుడు కాదు. రెండు డీఎస్సీలు రాసి, మూడు బదిలీలు చూసిన మనిషి. అయినా తికమక పడ్డాడు. పడటంలో తప్పు లేదు. నిజమైన బహుమతుల పేర్లు కూడా అట్టాగే ఉంటాయి: గ్లోబల్, వరల్డ్, ఇంటర్నేషనల్. పేపర్లో ఏది వచ్చినా ‘విద్యకు నోబెల్’ అని ఒక తోక తగిలిస్తారు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదని ఆ ఆదివారం ఆయన్ను ఇంటికి రమ్మన్నాను. ఆ రోజు మేము మాట్లాడుకున్నదీ, తర్వాత నేను వరసగా పెట్టుకున్నదీ ఇది.

నోబెల్ జాబితాలో బడి లేదు

ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1895లో రాసిన వీలునామాలో ఐదు రంగాలే ఉన్నాయి: భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వైద్యం, సాహిత్యం, శాంతి. అర్థశాస్త్రాన్ని 1968లో స్వీడన్ కేంద్ర బ్యాంకు నోబెల్ స్మారకంగా చేర్చింది. చదువు చెప్పడానికి అప్పుడూ చోటు దక్కలేదు, ఇప్పుడూ లేదు.

అట్లని నోబెల్ బడి గుమ్మం దాకా రాలేదని కాదు. 2014లో శాంతి బహుమతి మలాలాకూ, కైలాశ్ సత్యార్థికీ కలిపి ఇచ్చారు. ఆమె ఆడపిల్లల చదువు కోసం తూటా తిన్న పిల్ల, ఆయన బాలకార్మికులను పని నుంచి విడిపించిన మనిషి. 2019లో అర్థశాస్త్రం బహుమతి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ క్రెమర్‌లకు వచ్చింది. వాళ్ల పరిశోధనల్లో పేరున్నదొకటి ముంబై, వడోదర బడుల్లో జరిగింది. చదువులో వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టి, అదే ఊరి అమ్మాయిల చేత పాఠం చెప్పిస్తే ఎంత మారుతుందో లెక్కగట్టారు. ఆ పనిలో వాళ్లతో కలిసి నడిచింది పిల్లల చదువు మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

కాబట్టి ‘విద్యకు నోబెల్’ అనేది ఏ ఒక్క బహుమతికీ అసలు పేరు కాదు. ఖాళీగా ఉన్న కుర్చీకి పత్రికలు పెట్టిన ముద్దుపేరు. ఇద్దరు ముగ్గురు పోటీదారులు ఆ కుర్చీలో కూర్చున్నట్టే మాట్లాడతారు.

బహుమతి మనిషికా, సంస్థకా, ఆలోచనకా?

చిక్కు విప్పాలంటే మొదట లాగాల్సిన దారం ఇది. మన ఊళ్లో ‘అవార్డు’ అనగానే శాలువా కప్పుకున్న మనిషి కళ్లముందు కనబడతాడు. అంతర్జాతీయంగా అట్లాంటివి తక్కువే.

తరగతి గదిలో పాఠం చెప్పే మనిషికే ఇచ్చేదాంట్లో బాగా తెలిసింది గ్లోబల్ టీచర్ ప్రైజ్. కేరళలో పుట్టి దుబాయ్‌లో బడుల వ్యాపారం నడిపే సన్నీ వర్కీ పెట్టిన వర్కీ ఫౌండేషన్ దీన్ని ఇస్తోంది. మొదటిసారి 2015లో అమెరికా టీచరు నాన్సీ ఆట్వెల్‌కు దక్కింది. మొత్తం 10 లక్షల డాలర్లు. 2019లో కెన్యా మారుమూల సెకండరీ స్కూల్లో సైన్సు చెప్పే పీటర్ తబిచి గెలిచాడు. ఆయన జీతంలో 80 శాతం పేద పిల్లలకే పంచేవాడు. 2020లో మన దేశానికి, మహారాష్ట్రకు వచ్చింది. షోలాపూర్ జిల్లా పరితేవాడి జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాల టీచరు రంజిత్‌సింహ్ దిశలే విజేత.

దిశలే పని దగ్గర కాసేపు ఆగాలి. 2009లో ఆయన ఆ బడికి వెళ్లేసరికి అది పశువుల కొట్టానికీ సామాను గదికీ మధ్య ఇరుక్కున్న పాడుబడ్డ కట్టడం. పుస్తకాలు మరాఠీలో ఉన్నాయి, పిల్లల్లో చాలామంది ఇంట్లో కన్నడం మాట్లాడతారు. ఆయన కన్నడం నేర్చుకుని పాఠాలు వాళ్ల భాషలోకి మార్చుకున్నాడు. పాఠం పక్కన క్యూఆర్ కోడ్ అతికించి, ఫోన్ పెడితే పాట, వీడియో, పద్యం వచ్చేట్టు చేశాడు. ఇప్పుడు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో నల్లచుక్కల చతురస్రం మామూలైపోయింది. అప్పట్లో ఒక పల్లెటూరి టీచరు బంకతో అతికించిన కాగితం అది. ఒకప్పటి నెల్లూరు జిల్లా కొసన, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయిన తడ, సూళ్లూరుపేట బడుల్లో పనిచేసిన వాళ్లెవరినైనా అడగండి. ఇంట్లో తమిళం, బళ్లో తెలుగు అంటే ఎట్టా ఉంటుందో చెబుతారు.

రెండో రకం యిదాన్ ప్రైజ్. చైనా కంపెనీ టెన్సెంట్ స్థాపకుల్లో ఒకరైన చార్లెస్ చెన్ యిదాన్ 2016లో హాంకాంగ్‌లో పెట్టాడు. ఇందులో రెండు శాఖలు: విద్యా పరిశోధన ఒకటి, విద్యాభివృద్ధి ఒకటి. తరగతి గదిలో ఒక్క టీచరు ఎంత బాగా చెప్పినా ఇది రాదు. ఒక ఆలోచన పది దేశాలకు పాకాలి, లేదా ఒక పద్ధతి లక్షల మంది పిల్లలకు చేరాలి. డబ్బు పరంగా నోబెల్‌ను దాటిపోయింది కాబట్టి ముద్దుపేరుకు గట్టి పోటీదారు ఇదే.

మూడోది ఖతార్ ఫౌండేషన్ వాళ్ల వైజ్ ప్రైజ్, 2011 నుంచి. మొదటి ఏళ్లలో విజేతకు 5 లక్షల డాలర్లు ఇచ్చేవాళ్లు. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది పెద్ద స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్లు.

నాలుగోది యునెస్కో. నిజానికి ‘యునెస్కో అవార్డు’ అనే ఒకే వస్తువు లేదు, గుత్తి ఉంది. అక్షరాస్యతకు కొరియా డబ్బుతో 1989లో మొదలైన కింగ్ సెజాంగ్ బహుమతి, చైనా డబ్బుతో 2005 నుంచి కన్ఫ్యూషియస్ బహుమతి, ఉపాధ్యాయుల శిక్షణకు ఒకటి, ఆడపిల్లల చదువుకు ఒకటి, చదువులో సాంకేతికతకు ఇంకొకటి. సెజాంగ్ పదిహేనో శతాబ్దపు కొరియా రాజు. సామాన్యులు తమ భాష తాము రాసుకోవడానికి తేలికైన లిపి తయారుచేయించాడు. అందుకే ఆ బహుమతి మాతృభాషలో అక్షరాస్యత మీద చూపు పెడుతుంది. 2009లో మన దేశానికి చెందిన నిరంతర్ సంస్థకు అది దక్కింది. బుందేల్‌ఖండ్ పల్లెల్లో ఆడవాళ్లే రాసి, అచ్చువేసి, ఊరూరా తిరిగి అమ్ముకున్న ‘ఖబర్ లహరియా’ పత్రికను గుర్తించి ఇచ్చారు.

చివరగా రామన్ మెగసెసే. దీన్ని ‘ఆసియా నోబెల్’ అంటారు (ఇంకో ముద్దుపేరు). 1957లో విమాన ప్రమాదంలో పోయిన ఫిలిప్పీన్స్ అధ్యక్షుడి పేరున పెట్టారు. ఇది విద్యకని పెట్టింది కాదు. అయినా చదువు పని చేసినవాళ్లకు పలుమార్లు వచ్చింది. 2025లో రాజస్థాన్‌లో మొదలై ఆడపిల్లలను బడికి తెచ్చే ఎడ్యుకేట్ గర్ల్స్‌కు ఇచ్చారు. మన దేశం నుంచి సంస్థగా ఆ అవార్డు అందుకున్నది అదే మొదలు.

‘నామినేట్ అయ్యారు’ అంటే ఏం జరిగినట్టు?

ఫ్లెక్సీల్లో ఎక్కువ మోసపోయేది ఈ మాట దగ్గర. నామినేషన్ అంటే పేరు పంపడం. అంతే. 2020లో గ్లోబల్ టీచర్ ప్రైజ్‌కు 140కి పైగా దేశాల నుంచి 12,000 పైచిలుకు పేర్లు అందాయి. వాటిలో 50 మందిని వడకట్టారు. ఆ 50లోంచి 10 మంది, పదిలోంచి ఒక్కరు. ‘గ్లోబల్ టీచర్ నామినీ’ అని ఫ్లెక్సీ వేసుకున్నాయన పన్నెండు వేలల్లో ఒకరు. ‘టాప్ 50’ అని వేసుకున్నాయన సంగతి వేరు. ఆయన పనిని ఎవరో కూర్చుని చదివారు, సరిచూశారు. రెంటికీ ఫ్లెక్సీ సైజు మాత్రం ఒకటే.

నెల్లూరు వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఉండనే ఉంది. సెప్టెంబరు 5 ఎవరి పుట్టినరోజో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంటిపేరు మన వెంకటాచలం మండలం సర్వేపల్లిది. నోబెల్‌కు ఆయన పేరు సాహిత్యానికీ, శాంతికీ ఎన్నోసార్లు వెళ్లింది. ఒక్కసారీ రాలేదు. నోబెల్ వాళ్లు ప్రతిపాదనల కాగితాలు 50 ఏళ్ల పాటు బయటపెట్టరు కాబట్టి ‘నోబెల్ నామినీ’ అని ఆయన బతికుండగా ఎవరూ రుజువు చూపగలిగే వీలు కూడా లేదు. 1975లో ఆయనకు టెంపుల్టన్ ప్రైజ్ వచ్చింది. అది ఆధ్యాత్మిక చింతనకు, చదువు చెప్పినందుకు కాదు.

పేరు ఎవరు పంపాలన్నది బహుమతిని బట్టి మారుతుంది. గ్లోబల్ టీచర్‌కు టీచరే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వేరేవాళ్లూ ప్రతిపాదించవచ్చు. కానీ వారానికి కనీసం పది గంటలు ఎదురుగా కూర్చున్న పిల్లలకు పాఠం చెబుతుండాలి, ఇంకో ఐదేళ్లు ఈ వృత్తిలోనే ఉండే ఉద్దేశం ఉండాలి. యునెస్కో అక్షరాస్యత బహుమతుల దారి వేరు. అక్కడ సభ్యదేశాల ప్రభుత్వాలు, యునెస్కోతో అధికారిక సంబంధం ఉన్న సంస్థలు పేర్లు పంపాలి. ఎవరంతట వారు పెట్టుకుంటే చెల్లదు. పైగా ఈ నిజమైనవేవీ దరఖాస్తుకు ఫీజు అడగవు. మా మాస్టారికొచ్చిన వాట్సాప్ ఇక్కడే రెండు చోట్ల తప్పిపోయింది.

మన జాతీయ ఉపాధ్యాయ పురస్కారం కూడా ఈ విషయంలో మారింది. 1958 నుంచి ఉన్న ఆ అవార్డుకు ఒకప్పుడు ఫైలు కింది నుంచి పైకి, ఆఫీసు నుంచి ఆఫీసుకు కదలాలి. 2018 నుంచి టీచరే ఆన్‌లైన్‌లో తన పేరు పెట్టుకోవచ్చు. ‘మన గురించి మనమే చెప్పుకోవాలా’ అని మొహమాటపడేవాళ్లు ఈ పద్ధతిలో వెనకబడతారనే మాట స్టాఫ్ రూముల్లో వినబడుతుంది. పైఅధికారి దయ అక్కర్లేకుండా పోయిందనేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే.

డబ్బు: ఒకసారి కాగితం మీద వేసి చూద్దాం

లెక్క తేలిక కోసం డాలరు 85 రూపాయలనుకుందాం.

గ్లోబల్ టీచర్ ప్రైజ్ 10 లక్షల డాలర్లు, అంటే 8 కోట్ల 50 లక్షల రూపాయలు. ఒకేసారి చేతికి వస్తుందనుకుంటారు అందరూ. మొదలుపెట్టినప్పటి నియమం ప్రకారం పదేళ్లపాటు ఏడాదికింత చొప్పున ఇస్తారు. ఏడాదికి 85 లక్షలు. గెలిచిన మర్నాడే బడి మానేసి వెళ్లిపోకుండా మధ్యలో ఐదేళ్లు టీచరుగా ఉండాలనే షరతు కూడా ఉంది.

దిశలే గెలిచిన రోజునే తన వాటాలో సగం మిగతా తొమ్మిది మంది ఫైనలిస్టులకు పంచుతానన్నాడు. 5 లక్షల డాలర్లను తొమ్మిదితో భాగిస్తే ఒక్కొక్కరికి 55,555 డాలర్లు. మా మాస్టారు లెక్కల మనిషి కదా, నేను కాలిక్యులేటర్ తీసేలోపే చెప్పేశాడు. “అంటే ఒక్కొక్కరికీ నలభై ఏడు లక్షలు. ఓడిపోయినోళ్లకి!” అని కాసేపు ఊరుకున్నాడు.

యిదాన్ ప్రైజ్ ఒక్కో శాఖకూ 3 కోట్ల హాంకాంగ్ డాలర్లు. అమెరికన్ డాలరుకు 7.8 హాంకాంగ్ డాలర్లు వేసుకుంటే 38 లక్షల అమెరికన్ డాలర్లు దాటుతుంది. రూపాయల్లో దాదాపు 32 కోట్ల 70 లక్షలు. అందులో సగమే విజేత సొంతం. మిగతా సగం ఆ పనిని ముందుకు తీసుకెళ్లడానికి ఖర్చుపెట్టాల్సిన ప్రాజెక్టు నిధి. పేపర్లో ‘ముప్పై రెండు కోట్లు గెలిచారు’ అని పడితే దాన్ని పదహారుగా చదువుకోవాలి.

యునెస్కో సెజాంగ్ బహుమతి 20,000 డాలర్లు, 17 లక్షలు. కన్ఫ్యూషియస్ 30,000 డాలర్లు, 25 లక్షల 50 వేలు. 2016లో ఆ రెండోది కేరళలోని మలప్పురం జన శిక్షణ్ సంస్థాన్‌కు వచ్చింది. ఇక మన జాతీయ ఉపాధ్యాయ పురస్కారం 50,000 రూపాయలు, వెండి పతకం, ప్రశంసాపత్రం. ఒక గ్లోబల్ టీచర్ ప్రైజ్ సొమ్ముతో అట్లాంటివి 1,700 ఇవ్వొచ్చు. ఏది మేలు అన్నది లెక్కతో తేలే ప్రశ్న కాదుగానీ, లెక్క తెలిస్తే ప్రశ్న సూటిగా అడగొచ్చు.

గెలిచినవాళ్లే మళ్లీ ఎందుకు గెలుస్తారు?

ఇప్పుడు రెండు జాబితాలు పక్కపక్కన పెడదాం. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే.

వైజ్ ప్రైజ్ మొదటి నలుగురు: 2011లో బంగ్లాదేశ్ స్వచ్ఛంద సంస్థ బ్రాక్ స్థాపకుడు ఫజ్లే హసన్ ఆబెద్, 2012లో ప్రథమ్ తరఫున మాధవ్ చవాన్, 2013లో కొలంబియా ఎస్క్వేలా న్వేవా నడిపిన విక్కీ కోల్బర్ట్, 2014లో ఆఫ్రికాలో ఆడపిల్లల చదువుకు కామ్‌ఫెడ్ పెట్టిన ఆన్ కాటన్.

యిదాన్ విద్యాభివృద్ధి బహుమతి: 2017లో విక్కీ కోల్బర్ట్. 2019లో ఫజ్లే హసన్ ఆబెద్. 2020లో కామ్‌ఫెడ్ నుంచి ఇద్దరు. 2021లో ప్రథమ్ నుంచి రుక్మిణీ బెనర్జీ. మధ్యలో 2018లో ఆన్‌లైన్ కోర్సుల ఎడెక్స్ నడిపిన అనంత్ అగర్వాల్ ఒక్కరే కొత్త పేరు.

అంటే ఖతార్ వాళ్లు వరసగా మొదటి నాలుగేళ్లు గుర్తించిన నాలుగు సంస్థలకూ, హాంకాంగ్ వాళ్లు పదేళ్లు తిరక్కముందే రెండో బహుమతి ఇచ్చారు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి: నిజంగా మంచి పని ఎవరు చూసినా మంచిగానే కనబడుతుంది. ఇద్దరు వేర్వేరు జడ్జీలు ఒకే పేరు రాస్తే అది ఆ పేరుకు బలం. కోల్బర్ట్ పద్ధతినే తీసుకోండి. ఒకే టీచరు, ఒకే గది, ఐదు తరగతుల పిల్లలు. అట్లాంటి పల్లెటూరి బడుల కోసం పిల్లలు తమంతట తాము చదువుకునేట్టు అభ్యాస పుస్తకాలు తయారుచేసి 1970లలో మొదలుపెట్టారు. సీతారామపురం కొండల కింద ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినవాళ్లకు ఆ కష్టం వివరించనక్కర్లేదు. ఒకటో తరగతికి గుణింతం దిద్దిస్తుంటే నాలుగో తరగతి పిలకాయలు చింతచెట్టెక్కి ఉంటారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు కూడా ఇదే కష్టానికి కార్డులతో, మెట్ల పద్ధతితో తమదైన దారి వేసుకున్నారు. పనికొచ్చే పద్ధతికి రెండు పతకాలొస్తే ఎవరికి నష్టం అంటారు ఈ వైపు వాళ్లు.

రెండో చదువు: పతకం ఉన్నవాడి దగ్గరికే పతకం నడుస్తుంది. దరఖాస్తు రాయడానికి ఇంగ్లిషు రావాలి, ఫలితాలు గ్రాఫుల్లో చూపాలి, వీడియో తీయాలి, బయటి నుంచి ఎవరో మూల్యాంకనం చేసి ఉండాలి. ఇవన్నీ ఉన్నది పెద్ద సంస్థకే. ఒకసారి గెలిస్తే ఇవి ఇంకా పెరుగుతాయి. కనిగిరి పక్కన వలస కూలీల పిల్లల కోసం ఇంటి అరుగు మీద సాయంత్రం బడి నడిపే మనిషి దగ్గర ఉండేది హాజరు రిజిస్టరు ఒక్కటే.

నాకైతే రెండో వాదనలో పస ఎక్కువ కనబడుతుంది. కానీ మొదటిదాన్ని కొట్టిపారేయలేను. ప్రథమ్ పని చూసినప్పుడు ముఖ్యంగా.

కొలవగలిగింది, కొలవలేనిది

ప్రథమ్ వాళ్లు 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే కాగితం ఒకసారి చేతిలోకి తీసుకుంటే వాళ్లకు ఇన్ని బహుమతులు ఎందుకొచ్చాయో తెలుస్తుంది. ఒక పుట. ఒక చోట విడి అక్షరాలు. ఇంకో చోట చిన్న మాటలు. ఒక నాలుగు తేలిక వాక్యాల పేరా, ఒకటో తరగతి స్థాయిది. చివర ఒక చిన్న కథ, రెండో తరగతిది. సర్వే చేసేవాళ్లు బడికి పోరు, ఇంటికి వస్తారు. అరుగు మీద పిల్లను కూర్చోబెట్టి చదవమంటారు. ఐదో తరగతి పిల్ల పేరా దగ్గర మొదలుపెట్టి, ఒత్తు దగ్గర ఆగి, విడి మాటలకు దిగి, అక్కడా వేలు పెట్టుకుని కూడబలుక్కుంటుంటే పక్కన నిలబడ్డ తల్లికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఖరీదైన పరీక్ష కాదు, ర్యాంకు లేదు. పిల్ల ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఏ తరగతిలో ఉందన్నది తర్వాత అనే పద్ధతి దాన్నుంచే పెరిగింది. కొలిచేందుకు తేలిక, చూపేందుకు తేలిక. జ్యూరీలకు ఇంతకంటే ఏం కావాలి?

కొలత ఉన్నంత మాత్రాన చివరి మాట అయిపోదు. యిదాన్ మొదటి పరిశోధన బహుమతి 2017లో కారొల్ డ్వెక్‌కు వచ్చింది. తెలివి పుట్టుకతో వచ్చి ఆగిపోయేది కాదు, కష్టపడితే పెరుగుతుందని నమ్మే పిల్లలు బాగా చదువుతారన్నది ఆమె సిద్ధాంతం. తర్వాత అమెరికాలో పెద్ద ఎత్తున చేసిన పరిశీలనల్లో ప్రభావం ఉందిగానీ, మొదట్లో ఊహించినంత పెద్దది కాదని తేలింది. వెనకబడిన పిల్లల్లో కాస్త ఎక్కువ కనబడింది. బహుమతి ఇచ్చాక శాస్త్రం ఆగదు, శాలువా మాత్రం మడతపెట్టి బీరువాలో ఉంటుంది.

ఇక కొలవలేని దానికి మన జిల్లాకు మించిన ఉదాహరణ నాకు దొరకదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిపూట లాంతరు వెలుగులో పలక, బలపం. మన మార్కాపురం కొండల పలకే అయ్యుంటుంది చాలా ఇళ్లలో. వయోజనుల వాచకంలో ఒక పాఠం, ఊళ్లో సారా దుకాణాన్ని ఆడవాళ్లు కలిసి మూయించిన కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్లు, చదివిన పని చేసి చూపించారు. వర్ధినేని రోశమ్మ పేరు అట్లా పైకి వచ్చింది. 1992లో అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. రెండేళ్లకే దాన్ని సడలించారన్నది వేరే కథ.

ఆ అక్షరాస్యత ఉద్యమాలను దేశమంతా నడిపిన జాతీయ అక్షరాస్యతా మిషన్‌కు 1999లో అక్షరాస్యతకు యునెస్కో ఇచ్చే నోమా బహుమతి వచ్చింది. అందులో దూబగుంట వాటా ఎంత? లెక్క పుస్తకంలో వాళ్లు ‘కొత్తగా అక్షరాస్యులైనవారు’ అనే అంకెలో కలిసిపోయి ఉంటారు. సంతకం పెట్టడం వచ్చిందా, ఉత్తరం చదవగలదా అన్నది ఆ అంకె చెబుతుంది. పాఠం చదివి సారా దుకాణం మీదికి నడిచిన ఆడవాళ్లను ఏ గడిలో వేయాలో దానికి తెలియదు.

డబ్బు ఇచ్చేవాడి గురించి

సన్నీ వర్కీ సంపాదన ఫీజులు కట్టించుకునే ప్రైవేటు బడుల నుంచి వచ్చింది. ప్రభుత్వ బడి టీచరును వేదిక ఎక్కించి సన్మానించేది ప్రైవేటు బడుల యజమాని కావడం కొందరికి మింగుడుపడదు. ఖతార్ బహుమతిని చమురు, గ్యాసు దేశం పేరు కడుక్కోవడంగా చూసేవాళ్లున్నారు. యునెస్కోకైతే పెద్ద గొడవే జరిగింది. విద్యకు కాదుగానీ, జీవశాస్త్ర పరిశోధనకు ఈక్వటోరియల్ గినీ అధ్యక్షుడు ఒబియాంగ్ పేరున 2008లో ఒక బహుమతి ఒప్పుకున్నారు. నియంత పేరున బహుమతేంటని ప్రపంచమంతా తిట్టిపోస్తే ఆపి, చివరికి 2012లో మనిషి పేరు తీసి దేశం పేరు పెట్టి ఇచ్చారు.

అటువైపు జవాబు కూడా గట్టిదే. డైనమైట్ అమ్మినవాడి డబ్బుతోనే నోబెల్ నడుస్తోంది. మన ఊళ్లలో కాలేజీలు, సత్రాలు, గ్రంథాలయాలు ఎవరి డబ్బుతో లేచాయో తవ్వితే రాజులు, జమీందార్లు, కాంట్రాక్టర్లు వరసగా బయటికి వస్తారు. తీసుకున్న టీచరు ఆ డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టిందన్నది చూడాలంటారు వీళ్లు.

ఒక్కరిని వేదిక ఎక్కించడంపై ఇంకో అభ్యంతరం ఉంది. పిల్లవాడికి పదో తరగతిలో మంచి మార్కులొస్తే అందులో మూడో తరగతి ఎస్జీటీ పాలెంత, పదో తరగతి స్కూల్ అసిస్టెంట్ పాలెంత, అన్నం వండి పెట్టిన ఆయా పాలెంత? అయితే ప్రోత్సాహం పనిచేయదా అంటే అదీ కాదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లోనే ఆర్థికవేత్తలు కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. అదీ ఏడాది జీతంలో సగటున 3 శాతం లాంటి చిన్న మొత్తం. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతావాళ్లను దాటిపోయారు. బోనస్‌కూ బహుమతికీ ఇక్కడే తేడా. బోనస్ మెరుగుపడ్డ ప్రతివాడికీ అందుతుంది, బహుమతి పన్నెండు వేలల్లో ఒకరికి. ఒకదాని ఫలితం చూపి రెండోదాన్ని సమర్థించడం కుదరదు.

నెల్లూరులో పుట్టిన ఒకావిడ

శాంతా సిన్హా 1950లో నెల్లూరులో పుట్టారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించారు. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో వచ్చిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టారు. బడిలో లేని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ బాలకార్మికులే అన్నది ఆమె పట్టిన పట్టు. గేదెలు కాసినా, తమ్ముణ్ని ఎత్తుకున్నా అంతే. పని మాన్పించిన పిల్లలను ముందు శిబిరాల్లో ఉంచి, తమ వయసు తరగతికి సరిపడా తయారుచేసి బడిలో చేర్పించేవాళ్లు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోబెడితే మర్నాడు రాదని తెలిసినవాళ్లు వేసిన దారి అది. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలన్న మాట తర్వాత 2009 విద్యాహక్కు చట్టంలోకి వచ్చింది.

2003లో ఆమెకు మెగసెసే వచ్చింది. ఏ విభాగంలో? విద్యలో కాదు, అట్లాంటి విభాగం అక్కడ లేదు. ‘సమాజ నాయకత్వం’ అనే గడిలో. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏర్పడినప్పుడు మొదటి చైర్‌పర్సన్ ఆమే.

ఇదంతా విని మా మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, “మరి నాకొచ్చింది ఈ లెక్కలో యాడ కూర్చుంటుంది అన్నా?” అన్నాడు. ఫోన్ తీసి వాళ్లకే మెసేజ్ పెట్టమన్నాను. పెట్టాడు: నా పేరు ఎవరు పంపారు, ఏ పని చూసి ఎంపిక చేశారు, జ్యూరీలో ఎవరున్నారు?

పావుగంటకు జవాబొచ్చింది. సాయంత్రంలోగా కడితే ఐదొందలు తగ్గిస్తారంట.